కంకిపాడు అడవి రాముడు

మా కంకిపాట్లో కనుచూపు మేరా వరి, చెరకు, అరటి. కొండ చూడాలంటే బెజవాడ పోవాలి. అడవి కావాలంటే ఇంకాస్త ముందుకెళ్లి కొండపల్లి. ఇలాంటి చోట పుట్టి, అడవులు తప్ప మరేమీ వెయ్యనని ఒట్టు పెట్టుకున్న ఆర్టిస్టు ఊరికొకాయన ఉంటాడు. మా ఊరాయన్ని వెనక అడవి రాముడంటాం, ఎదురుగా మాస్టారూ అంటాం.

"ప్రకృతిని ఎదురుగా పెట్టుకుని వెయ్యాలోయ్" అంటూ తెల్లారగట్ల మోపెడ్‌కి రంగుల పెట్టె కట్టుకుని కాలవగట్టుకు పోతాడు. మూడుకాళ్ల స్టాండు నిలబెట్టాడో లేదో, రైతులు పరిగెత్తుకొస్తారు. "సర్వేనాండీ? రోడ్డు మా చేలోంచేనా?" బొమ్మ కోసమని నమ్మించేసరికి ఎండెక్కుతుంది. నమ్మాక సలహాలు మొదలు. "అంత పసుపేంటండీ, యూరియా వెయ్యలేదనుకుంటారు, కాస్త పచ్చగా కొట్టండి" అంటాడొకాయన. ఇంకొకాయన తన గేదెనీ ఎక్కించమంటాడు. రోహిణి కార్తెలో చేలో ఎవరూ ఉండరు గానీ, ఆకాశానికి పూసిన నీలం కుంచె ఎత్తేలోగా ఎండి చారలు కడుతుంది.

అసలు అడవి పుట్టేది ఇంటి వెనక వసారాలో. దాన్ని స్టూడియో అనకపోతే ఆయనకి కోపం. అక్కడ కాలవ జలపాతమవుతుంది, తాటిచెట్టు దేవదారవుతుంది, గేదె జింకవుతుంది. (గేదె ఆసామి చూస్తే పంచాయితీ పెడతాడు.) రాత్రిపూట లైటు కింద ఆయిల్ పెయింట్ వేస్తుంటే చేలల్లోని పురుగులన్నీ వచ్చి మంచుకొండకి అంటుకుంటాయి. సూదిమొనతో ఒక్కొక్కటే తీస్తాడు. రానివాటికి రెక్కలు దిద్ది కొంగలబారు చేసేస్తాడు.

చూడని కొండలెందుకండీ అంటే, "తుమ్మపూడిలో కూచుని సంజీవదేవ్ హిమాలయాలు వెయ్యలేదూ?" అని కృష్ణ అవతలికి వేలు చూపిస్తాడు. సంజీవదేవ్ కులూ దాకా వెళ్లి, చిత్రకారుడు నికొలస్ రోరిక్ దగ్గర ఉండి, కొండల్ని కళ్లారా చూసొచ్చినవాడు. మా మాస్టారు శ్రీశైలం బస్సులో నల్లమల పొడుగునా నిద్రపోయాడు. పోనీ ఎగ్జిబిషన్ ఎప్పుడంటే దామెర్ల రామారావుని అడ్డం పెడతాడు. "పాపం, 1925లో 28 ఏళ్లు నిండకుండానే పోయాడు. అందుకే గబగబా వేశాడు. నాకేం తొందర?" ఈ మాట అనేనాటికి ఆయనకి 64.

అలాగని బొమ్మలు అమ్ముడుపోవనుకోకండి. మొన్న ఫంక్షన్ హాలు ఓనరు వచ్చి, మంచుకొండని పెళ్లికొడుకు కుర్చీ వెనక పెడతానన్నాడు. కాకపోతే శుభమా అని పక్కనో కొబ్బరిచెట్టు ఉండాలన్నాడు. హిమాలయాల్లో కొబ్బరిచెట్టేమిటని మాస్టారు అగ్గిమీద గుగ్గిలమయ్యాడు, కుంచె విసిరికొట్టాడు, అడ్వాన్సెంతో కనుక్కున్నాడు. చెట్టుకి గెలలు కూడా వేశాడు.