వైరల్ రావుగారు

సాయంత్రం ఆరు దాటితే మాదాపూర్ టీ బండి దగ్గర వైరల్ రావుగారి కొలువు మొదలవుతుంది. అసలు పేరు ఆధార్ కార్డులో ఉంది, బయట ఎవరూ వాడరు. ఏ యాప్ హిట్టయినా, ఎందుకయిందో మర్నాటికల్లా ఆయన దగ్గర కారణం తయారు.

"ఫ్లాపీ బర్డ్ చూడండి. వియత్నాం కుర్రాడు 2013 మే నెలలో వదిలాడు. అప్పట్లో దాని మీద కాకి కూడా వాలలేదు. 2014 జనవరికి లోకమంతా దాని మీదే పడింది. ఏమంటారు దాన్ని? లక్కు!"

"మరి యాంగ్రీ బర్డ్సో?"

"అదీ లక్కే."

"ఆ ఫిన్లాండ్ వాళ్లు అంతకుముందు 51 గేములు చేశారటండీ."

"చూశారా, లక్కు రావడానికి ఎంత ఆలస్యమైందో!"

ఎదుటివాడు గెలిస్తే లక్కు, ఓడితే మార్కెటింగ్ చేతకాకపోవడం. తను గెలిస్తే మార్కెటింగ్, ఓడితే టైం బాగోలేకపోవడం. ఈ నాలుగు సొరుగుల్లో పట్టని యాప్ ఇంతవరకు పుట్టలేదు.

వర్డిల్ సంగతి ఎత్తితే మాత్రం కాస్త నసుగుతారు. జోష్ వార్డిల్ అనే ఇంజనీరు తన సహచరి కోసం చేసిన మాటల ఆట అది. అప్పట్లో ప్రకటనలు లేవు. 2021 నవంబర్ 1న ఆడినవాళ్లు 90 మంది. రెండు నెలలు తిరిగేసరికి మూడు లక్షలు! ఈలోగా ఆడేవాళ్లు తమ ఫలితాన్ని రంగు గళ్లుగా పేర్చి పంచుకోవడం చూసి, జోష్ దానికో బటన్ పెట్టాడు. జవాబు బయటపడదు, ఆడినవాడి గొప్ప మాత్రం పదిమందికీ తెలుస్తుంది. ఇది లక్కా, మార్కెటింగా?

"రెండూ కాదు, ఇంగ్లీషు" అని తేల్చేశారు రావుగారు.

ఆయనకూ ఒక యాప్ ఉంది. పేరు 'ఈ పూట ఏం కూర?' పెళ్లిళ్లలో అక్షింతలు చేతికొచ్చేలోపే పక్కవాళ్ల ఫోన్లు తీసుకుని వాటిలో ఎక్కించేవారు. బావమరుదులందరి చేతా అయిదేసి నక్షత్రాలు వేయించారు. అయినా బంధువర్గం దాటలేదు. టైం బాగోలేదన్నారు.

మొన్నామధ్య అందులో ఏదో తేడా వచ్చి, నాలుగు రోజులపాటు పూటపూటా అందరినీ కాకరకాయే వండమంది. ఎవరో ఇల్లాలు స్క్రీన్‌షాట్ తీసి, 'మా ఆయన మీద కుట్ర' అని అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టింది. అక్కణ్ణుంచి ఊళ్లో గ్రూపులన్నీ చుట్టేసింది. వారంలో డౌన్‌లోడ్లు వేలల్లోకి వెళ్లాయి. రావుగారు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి, తన 'కాకరకాయ స్ట్రాటజీ' మీద గంటసేపు ప్రసంగించారు.

"తీపి తిని ఊరుకుంటారండీ. చేదయితేనే నలుగురికీ చెప్పుకుంటారు. అంతా లెక్క వేసే చేశాను."

ఆ పై వారం లెక్క వేసి మరీ నాలుగు రోజులు పొట్లకాయ పెట్టారు. ఒక్కరూ నవ్వలేదు. బావమరుదులతో సహా అందరూ యాప్ తీసేశారు.

"ఏమైందండీ రావుగారూ?"

టీ ఊదుకుంటూ అన్నారు: "మన మార్కెటింగ్‌కు వంక లేదండీ. పొట్లకాయ జాతకమే బాగోలేదు."