నకలే ఆయుష్షు: ఒక షేర్‌వేర్ ఫ్లాపీ ఆత్మకథ

నేను 5.25 అంగుళాల ఫ్లాపీ డిస్కుని. నల్లటి తొడుగులో పలచని పాలియెస్టర్ బిళ్ళ, దానికి రెండువైపులా ఐరన్ ఆక్సైడ్ పూత: ఇదే నా దేహం. 1983లో పీసీల ఆపరేటింగ్ సిస్టమ్ డాస్ 2.0 వచ్చాక స్థిరపడిన లెక్క ప్రకారం నాకు రెండు ముఖాలు, ముఖానికి 40 ట్రాకులు, ట్రాకుకు 9 సెక్టార్లు, సెక్టారుకు 512 బైట్లు. అన్నీ కలిపితే 3,68,640 బైట్లు. ఈ రోజుల్లో ఫోనుతో తీసిన ఒక్క ఫొటో కూడా నాలో పట్టడం కష్టం. అయినా ఆ కాస్త చోటుతోనే మనుషులు ఉత్తరాలు రాసుకున్నారు, పద్దులు చూసుకున్నారు, టెలిఫోన్ తీగ మీద దూరపు కంప్యూటర్లను పలకరించారు. నాతోపాటు తయారైన డిస్కుల్లో కొన్ని ఖరీదైన అట్టపెట్టెల్లోకి వెళ్ళాయి. వాటిలోని ప్రోగ్రామ్ ఇంకో డిస్కులోకి ఎక్కకుండా కట్టుదిట్టాలు చేశారు. నాలాంటివి వాడి చూసి నచ్చితే డబ్బు కట్టే షేర్‌వేర్, ధరే లేని ఫ్రీవేర్ యుటిలిటీలను మోశాయి. మార్చకుండా, అన్ని ఫైళ్ళూ కలిపి ఎవరికైనా ఇచ్చుకోవచ్చన్న అనుమతి వాటితోపాటే ఒక చిన్న ఫైలులో రాసి ఉండేది. దేహం ఒకటే, పూత ఒకటే; లోపలి సరుకు ఆయుష్షు మాత్రం వేరైంది. ప్రోగ్రామ్‌ని కాలానికి ఎదురు నిలిపేది దానికి వేసిన తాళం కాదు, నకలు తీసుకోమని ఇచ్చిన అనుమతి. నా జీవితమంతా ఈ ఒక్క మాటకే సాక్ష్యం.

ఆ అనుమతి ఇవ్వాలన్న ఆలోచన 1982లో అమెరికాలో ఇద్దరికి, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే తట్టింది. కాలిఫోర్నియాలోని టిబురాన్‌లో ఆండ్రూ ఫ్లూగెల్‌మన్ మోడెమ్ ద్వారా వేరే కంప్యూటర్లతో సంబంధం కలిపే పీసీ-టాక్ రాశాడు. సియాటిల్ పక్కనున్న బెల్‌వ్యూలో ఐబీఎం ఉద్యోగి జిమ్ నాఫ్, జాబితాలూ చిరునామాలూ దాచుకునే పీసీ-ఫైల్ రాశాడు. నచ్చితే కొంత డబ్బు పంపండి, నచ్చినా నచ్చకపోయినా మిత్రులకు ఇవ్వండి అన్నదే ఇద్దరి షరతూ. ఒకరి గురించి ఒకరికి తెలిశాక ఇద్దరూ 25 డాలర్లనే ధరగా పెట్టుకుని, ఒకరి ప్రోగ్రామ్‌ని ఇంకొకరు సిఫార్సు చేశారు. 1983లో మైక్రోసాఫ్ట్ వదిలి వచ్చిన బాబ్ వాలెస్ పీసీ-రైట్ అనే వర్డ్ ప్రాసెసర్‌తో ఈ పద్ధతిని ఇంకో మెట్టు ఎక్కించాడు. 75 డాలర్లు కట్టి రిజిస్టర్ చేసుకున్నవారి కాపీకి ఒక సంఖ్య ఉండేది. ఆ కాపీ నుంచి నకలు తీసుకున్న మరొకరు రిజిస్టర్ చేసుకుంటే మొదటివారికి 25 డాలర్లు వెళ్ళేవి. అంటే నకలు తీయడం రచయితకు నష్టంగా కాక, అతని పంపిణీగా మారింది. అప్పటిదాకా ప్రోగ్రామ్ కొనేవాడు కొనుగోలుదారు మాత్రమే. ఇప్పుడు అతనే పరీక్షకుడు, అతనే సిఫార్సుదారు, అతనే రవాణాదారు. పీసీ-సిగ్ లాంటి గ్రంథాలయాలు ఇలాంటి డిస్కులకు వరుస సంఖ్యలిచ్చి, కొద్ది డాలర్లకే పోస్టులో పంపాయి. 1987కల్లా షేర్‌వేర్ రచయితలు తమకంటూ ఒక సంఘం పెట్టుకున్నారు.

ఇవి కాలక్షేపపు చిరు ప్రోగ్రామ్‌లేనని అనుకునేవారు అప్పటి డాస్‌లో ఏమేమి లేవో ఒకసారి లెక్క వేయాలి. ఫైలులో ఏముందో చూడాలంటే టైప్ ఆదేశం ఇవ్వాలి. అక్షరాలు చూస్తుండగానే తెర దాటిపోయేవి. మోర్ ఆదేశం పేజీకొకసారి ఆపేది కానీ వెనక్కి వెళ్ళనిచ్చేది కాదు. తెర నిండా కనిపించే ఎడిటర్ 1991లో ఎమ్మెస్-డాస్ 5తో వచ్చింది. అంతవరకు ఒక్కో వరుసకు నంబరు చెప్పి దిద్దుకునే ఎడ్లిన్‌తోనే గడిపారు. ఫైలుని ఒక డైరెక్టరీ నుంచి ఇంకో డైరెక్టరీకి జరిపే మూవ్ ఆదేశం 1993లో, ఆరో వెర్షన్‌తో గానీ రాలేదు. ఈ ఖాళీలను పూరించింది నేను మోసిన సరుకే. వెర్నన్ బ్యూర్గ్ అసెంబ్లీ భాషలో రాసిన లిస్ట్, 4.77 మెగాహెర్ట్జ్ యంత్రం మీద కూడా ఫైలుని ముందుకీ వెనక్కీ చకచకా తిప్పి చూపేది, కావలసిన మాటను వెతికి పెట్టేది. 1989లో వచ్చిన 4డాస్ ఆదేశాల వ్యవస్థనే తిరగరాసింది. మూవ్ దానిలో అప్పటికే ఉంది, ప్రతి ఫైలుకీ ఒక చిన్న వివరణ తగిలించుకునే వీలూ ఉంది. చెరిపేసిన ఫైలుని తిరిగి తెచ్చే యుటిలిటీలూ నాలో ఉండేవి. డాస్ ఫైలుని చెరిపినప్పుడు డైరెక్టరీలో పేరు మొదటి బైటుని మార్చి, ఆ చోటు ఖాళీ అని పట్టికలో రాస్తుందంతే. అసలు సమాచారం నా పూత మీద అలాగే ఉంటుంది. ఆ సంగతి తెలిసినవారు ఆ మొదటి అక్షరాన్ని తిరిగి నిలిపి, ఎందరి శ్రమనో కాపాడారు. పెద్ద సంస్థ తన వ్యవస్థలో చేర్చడానికి ఏళ్ళు తీసుకున్న సౌకర్యాలను, వాడేవారి అవసరం దగ్గరగా చూసిన ఒంటరి రచయితలు ముందే అందించారు. నకలు అనుమతి లేకపోతే అవి ఒక ఊరి పొలిమేర కూడా దాటేవి కావు.

నా వాదనకు అతి పెద్ద ఆధారం మాత్రం పీకేజిప్. నాలాంటి చిన్న డిస్కులో ఎక్కువ సరుకు పట్టాలంటే ఫైళ్ళను కుదించి ఒకే మూటగా కట్టాలి. అంతకుముందు వాడుకలో ఉన్న ఆర్క్ ఫార్మాట్ విషయంలో తనపై 1988లో నడిచిన దావా రాజీతో ముగిశాక, మిల్వాకీకి చెందిన ఫిల్ కాట్జ్ 1989లో కొత్త ఫార్మాట్‌తో పీకేజిప్‌ను షేర్‌వేర్‌గా విడుదల చేశాడు. ప్రోగ్రామ్‌కి డబ్బు అడిగాడు కానీ ఫార్మాట్‌ని దాచుకోలేదు. ఏ బైటు ఎక్కడుంటుందో, దాని అర్థమేమిటో వివరించే పత్రాన్ని ప్రోగ్రామ్‌తోపాటే పంచి, ఎవరైనా వాడుకోవచ్చన్నాడు. ఆ అమరిక కూడా తెలివైనది. ప్రతి ఫైలు ముందూ దాని వివరాలు ఉంటాయి, మొత్తం జాబితా మళ్ళీ చివర ఉంటుంది, ప్రతి ఫైలుకీ 32 బిట్ల సరిచూపు సంఖ్య ఉంటుంది. కాబట్టి విప్పినప్పుడు ఒక్క బిట్ తేడా వచ్చినా తెలిసిపోతుంది. 1993 నాటి 2.04 వెర్షన్‌తో వచ్చిన డిఫ్లేట్ పద్ధతి, ముందు వచ్చిన బైట్ల వరుస మళ్ళీ వస్తే దాన్ని తిరగరాయకుండా ఎంత వెనక ఉందో చెబుతుంది. తరచుగా వచ్చే సంకేతాలకు పొట్టి గుర్తులు ఇస్తుంది. పత్రం చేతిలో ఉంది కాబట్టి ఇన్ఫో-జిప్ బృందంలోని స్వచ్ఛంద రచయితలు యూనిక్స్‌కీ ఇతర యంత్రాలకీ ఉచిత ప్రోగ్రామ్‌లు రాశారు. 1996లో డిఫ్లేట్ వివరణ ఇంటర్నెట్ సాంకేతిక పత్రాల్లోకి ఎక్కింది. పీఎన్‌జీ బొమ్మలు, ఈపబ్ పుస్తకాలు, డాక్స్ పత్రాలు, ఆండ్రాయిడ్ ఆప్‌ల మూటలు అన్నీ ఆ దారినే వచ్చాయి. వరంగల్‌లోనో విజయవాడలోనో ఫోనులోకి దిగే తెలుగు కీబోర్డ్ ఆప్ మూట మొదటి రెండు బైట్లూ పీ, కే అనే అక్షరాలే. అవి ఫిల్ కాట్జ్ పొడి అక్షరాలు. ఆయన 2000లో 37 ఏళ్ళకే చనిపోయాడు. ఆయన ఇచ్చిన అనుమతి ఇంకా పని చేస్తోంది.

దీనికి మొదటి అభ్యంతరం డబ్బు గురించి వస్తుంది. వాడినవారిలో ఎక్కువమంది డబ్బు కట్టలేదు కదా, అలాంటప్పుడు ఈ ఔదార్యం రచయితను పస్తు పెట్టడమే కదా అంటారు. కట్టనివారే ఎక్కువన్నది నిజం, అది రచయితలకు జరిగిన అన్యాయమే. కానీ లెక్కకు రెండో వైపు కూడా చూడాలి. అట్టపెట్టె, ప్రకటన, దుకాణం వాటా, టోకు వ్యాపారి వాటా ఏవీ లేనందున వచ్చిన డబ్బులో అధిక భాగం రచయితకే చేరేది. జిమ్ నాఫ్ ఆ రాబడి చూసుకునే ఐబీఎం ఉద్యోగం మానేశాడు. అదీగాక, తాళం వేసిన ప్రోగ్రామ్‌లకు దొంగ నకళ్ళ బాధ తప్పిందా? తప్పలేదు. తాళం డబ్బు ఎగ్గొట్టేవాణ్ణి ఆపలేదు, డబ్బు కట్టినవాణ్ణి మాత్రం ఇబ్బంది పెట్టింది. లోటస్ 1-2-3 స్ప్రెడ్‌షీట్ తొలి వెర్షన్లు కొన్నవారు హార్డ్ డిస్కులో ప్రోగ్రామ్ ఉన్నా, ప్రతిసారీ అసలు ఫ్లాపీని డ్రైవులో పెట్టాల్సి వచ్చేది. ఆ ఫ్లాపీ గీసుకుపోతే కొన్న సొత్తు ఆ పూటకు చేజారినట్టే. రచయితకు న్యాయమైన రాబడి ఎలా అందించాలన్నది నేటికీ తెగని ప్రశ్న. అయితే దానికి తాళం జవాబు కాదని ఆ రోజుల్లోనే తేలిపోయింది.

రెండో అభ్యంతరం వైరస్ గురించి. చేతులు మారే డిస్కులే రోగాలు మోశాయని, ఎవరు పడితే వారిచ్చిన నకలు నమ్మడం ప్రమాదమని అంటారు. 1986లో లాహోర్‌లో పుట్టిన బ్రెయిన్ వైరస్ సరిగ్గా నాలాంటి 360 కేబీ ఫ్లాపీల బూట్ సెక్టార్‌లోనే కాపురం పెట్టింది. కానీ బూట్ సెక్టార్ వైరస్‌కి డిస్కులో ఉన్నది కొన్నదా, ఉచితమా అన్న విచక్షణ లేదు. రోగం సోకిన కంప్యూటర్‌లోకి, రాత నిరోధం లేకుండా వెళ్ళిన ఏ డిస్కుకైనా అది అంటుకోగలదు. పైగా తాము రాసిన వైద్య ప్రోగ్రామ్ దొంగ నకళ్ళను పట్టుకోవడానికే దాన్ని రాశామని బ్రెయిన్ రాసిన అన్నదమ్ములే చెప్పారు. ఆ రోగం నకలు అనుమతి నుంచి పుట్టలేదు, నకలు మీద కోపం నుంచి పుట్టింది. మందు మాత్రం నకలు దారిలోనే వచ్చింది. మెకింతోష్‌ల కోసం నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ నార్‌స్టాడ్ రాసిన డిసిన్ఫెక్టెంట్ పైసా అడగకుండా 1989 నుంచి 1998 దాకా కొత్త వైరస్‌లను పట్టి ఇచ్చింది. నకిలీల సంగతి వేరు. 1995లో పీకేజిప్ 3.00 పేరుతో ఒక హానికర ప్రోగ్రామ్ తిరిగింది. మార్చకుండా ఇవ్వాలన్న షేర్‌వేర్ షరతు అలాంటి వాటికి చోటివ్వదు; మూటలోని సరిచూపు సంఖ్య మాత్రం పొరపాటున చెడిన ఫైలునే పట్టిస్తుంది. నమ్మదగిన నకలుకీ నమ్మరాని నకలుకీ తేడా చెప్పే పద్ధతులు పెరిగింది నకలు స్వేచ్ఛగా తిరిగిన చోటే.

మూడోది అన్నిటికన్నా గట్టి అభ్యంతరం. తాళం వేసిన ప్రోగ్రామ్‌లు కూడా నేడు దొరుకుతున్నాయి, తాళం విరిచినవారు వాటిని కాపాడారు, అలాంటప్పుడు అనుమతి ఉన్నా లేకపోయినా ఫలితం ఒకటే కదా? ఒకటి కాదు. విరిచిన నకలులో చాలాసార్లు ఏ బైట్లు మార్చారో, ఎవరు మార్చారో తెలియదు, మాన్యువల్ ఉండదు, వెర్షన్ సంఖ్య మీద నమ్మకం ఉండదు. అనుమతి లేనందున దాన్ని బాహాటంగా దాచడం గ్రంథాలయాలకు చిక్కే. అమెరికాలో ఈ ఇబ్బంది ఎంత దూరం వెళ్ళిందంటే, అసలు డిస్కు ఉంటేనే తెరుచుకునే పాత ఫార్మాట్ల ప్రోగ్రామ్‌లను భద్రపరచడానికి తాళం తీయవచ్చని 2003లో చట్టం నుంచి ప్రత్యేక మినహాయింపు ఇవ్వాల్సి వచ్చింది. దాన్ని ఇంటర్నెట్ ఆర్కైవ్ అడిగి తెచ్చుకుంది. నాలోని యుటిలిటీలకు అలాంటి మినహాయింపుతో పనే లేదు, అనుమతి వాటి మూటలోనే ఉంది. తేమకు బూజు పట్టి నా పూత రాలిపోయినా నష్టం లేదు, అవే ఫైళ్ళు మరెన్నో చోట్ల ఉన్నాయి. తాళపత్రాల సంగతీ ఇంతే: ఆకు పుచ్చిపోయింది, ఎవరో తిరగరాసిన కావ్యం మిగిలింది.

అలాగని షేర్‌వేర్ అన్న పేరుంటే చాలు, ప్రతిదీ బతికిందని నేను అనను. ముఖ్యమైన పనులను తాళం వెనక దాచి, డబ్బు పంపినవారికే తాళంచెవి ఇచ్చిన ప్రోగ్రామ్‌లు కొన్ని ఉన్నాయి. ఆ చిరునామాలు మూతపడ్డాక తాళంచెవి ఇచ్చేవారు లేరు, సగం ప్రోగ్రామ్ మిగిలింది. ఇది నా మాటకు విరుద్ధం కాదు, దాన్ని బలపరిచే రుజువే: ఎంత ఇచ్చారో అంత నిలిచింది. ప్రోగ్రామ్ మాత్రమే ఇచ్చినవారి ప్రోగ్రామ్ నిలిచింది, ఫార్మాట్ కూడా ఇచ్చినవారి పద్ధతి ప్రోగ్రామ్‌ని దాటి నిలిచింది. తెలుగువారికి దీనికి స్వంత ఉదాహరణే ఉంది. 1990ల తొలినాళ్ళలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో రోమన్ అక్షరాలతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ పద్ధతి, దాన్ని తెలుగు లిపిలోకి మార్చే రిట్ ప్రోగ్రామ్ తయారయ్యాయి. రిట్‌ను నేడు వాడేవారు అరుదు. కానీ ఆ పద్ధతి ఎవరి సొంత సొత్తుగానూ మిగలనందున లేఖిని లాంటి తెలుగు టైపింగ్ పనిముట్లలోకి సాగింది, దానికి వేళ్ళు అలవాటు చేసుకున్న ఎందరో తెలుగువారు ఇంటర్నెట్‌లో తమ భాషను రాశారు.

చవకగా లెక్కలేనంత నిల్వ దొరికే కాలంలో పాత యుటిలిటీలతో పనేమిటని అడిగేవారికి నా ముసలితనమే సమాధానం. పాత పీసీలను ఇంకా నడిపేవారు గ్రీజ్‌వీజిల్ లాంటి చిన్న పరికరంతో నా పూత మీది అయస్కాంత మార్పులనే నేరుగా చదివి, నా ప్రతిరూపాన్ని దాచుకుంటున్నారు. 1994లో మొదలైన ఫ్రీడాస్ డాస్‌కి ఉచిత వారసుడిగా పని చేస్తోంది. మైఖేల్ బ్రట్‌మన్ రాసిన ఎంటీసీపీ 8088 ప్రాసెసర్ ఉన్న యంత్రాన్ని కూడా నేటి నెట్‌వర్క్‌కి కలుపుతోంది, దానికీ ధర లేదు. వీరంతా నడుస్తున్నది 1982లో ఇద్దరు వేసిన దారిలోనే. ఇక ఇప్పటి ప్రోగ్రామ్‌లను చూస్తే ఆ పాత తాళమే ఇంకో రూపంలో కనిపిస్తోంది. ఎక్కడో ఉన్న సర్వర్ ఒప్పుకుంటేనే తెరుచుకునేవి ఆ సర్వర్ ఆగిన రోజున, డబ్బు కట్టినవారికి కూడా మూసుకుపోతాయి. అందుకే ప్రోగ్రామ్ రాసేవారిని, ముఖ్యంగా తెలుగు కోసం పనిముట్లు తయారుచేసేవారిని నేను కోరేది ఇది. ధర పెట్టండి, మీ శ్రమకు తగిన ఫలితం అడగండి. కానీ ఫైలు ఫార్మాట్‌ని పత్రంగా రాసి బయటపెట్టండి, మీరు అమ్మడం మానేసిన రోజు నుంచి ఎవరైనా నకలు తీసుకోవచ్చన్న వాక్యాన్ని మొదటి వెర్షన్‌లోనే చేర్చండి. ఆ వాక్యం రాయడానికి ఖర్చేమీ లేదు. అది లేక మాయమైన పనిని తిరిగి చేయాలంటే ఒక తరం శ్రమ కావాలి.