గొర్రె తప్ప అందరూ బలిశారు

గొర్రె బలవాలంటే గడ్డి, నీళ్లు, నీడ ఉండాలని పాలమూరు గొల్లకురుమలు తాతల నాటి నుంచీ నమ్ముతూ వచ్చారు. బక్రీదుకు అమ్మే పొట్టేలుకైతే పల్లి కట్టె, జొన్నలు, నాలుగు ఉలవలు అదనం. పాపం, పథకాలు తెలియని కాలం! చెవికో ప్లాస్టిక్ బిళ్ల, ఫైల్లో ఓ ఇన్‌వాయిసు ఉంటే చాలు, గొర్రె మేయకపోయినా ఎవరో ఒకరు బలుస్తారని 2017 తర్వాత గానీ తెలిసిరాలేదు.

ఆ ఏడాది జూన్‌లో మొదలైంది తెలంగాణ సర్కారు గొర్రెల పంపిణీ. యూనిట్ అంటే 20 గొర్రెలు, ఒక పొట్టేలు. వెల 1.25 లక్షలు. అందులో 75 శాతం సర్కారు పెడితే, మిగతా 31,250 రూపాయలు కాపరి కట్టాలి. కొనుగోలు మాత్రం పొరుగు రాష్ట్రాల్లోనే. శ్రీరంగాపూర్ రంగసముద్రం చెరువు దగ్గర మంద కాసే మనిషికి పెబ్బేరు సంత పక్కనే. అక్కడైతే గొర్రె నోరు తెరిచి పళ్లు చూస్తాడు, రెండు పళ్లదో నాలుగు పళ్లదో తేల్చుకుంటాడు, నడుము మీద చెయ్యేసి ఎముక తగిలితే ధర తగ్గిస్తాడు. బయట కొంటేనే రాష్ట్రంలో మంద పెరుగుతుందన్నారు. కాగితం మీద నిక్షేపమైన తర్కం. పైగా ఇంటి పక్క సంతలో కొంటే రవాణా బిల్లు ఎవరి పేర రాసుకోవాలి?

అట్లా వచ్చాయి నెల్లూరు జాతి గొర్రెలు. కాళ్లు పొడుగే, ఒంటి మీద మాత్రం ఉన్ని లేదు. ఇక్కడిదేమో దక్కనీ నల్ల గొర్రె. రాళ్లల్లో తిరిగి, దొరికింది తిని, గొంగడికి బొచ్చు ఇచ్చేది. వచ్చినవాటిలో కొన్ని ఎండకు, రోగానికి పోయాయి. మరికొన్ని వచ్చిన దారినే వెనక్కి వెళ్లి, కొత్త బిళ్లతో మళ్లీ వచ్చాయని ఆరోపణ. అదే నిజమైతే ఆ గొర్రెకు మేసే తీరిక ఎక్కడిది? దాని బతుకంతా లారీలోనే గడిచింది.

ఇంతకూ అవి లారీలోనే వచ్చాయనుకోవడం మన అమాయకత్వం. 2024 ఫిబ్రవరిలో శాసనసభ ముందుకొచ్చిన కాగ్ నివేదిక రవాణా బిల్లుల్లోని బండి నంబర్లు తిరగేస్తే మోటార్ సైకిళ్లు, ఆటోలు, కార్లు, ఆఖరికి అంబులెన్సులు తేలాయి! మోటార్ సైకిల్ మీద వెనక కూర్చున్న పొట్టేలు హెల్మెట్ పెట్టుకుందో లేదో ఆడిటర్లు రాయలేదు. ఒకే నంబరు బిళ్ల రెండేసి గొర్రెలకు. కాలం చేసినవాళ్ల పేర్ల మీద యూనిట్లు. ఇన్నాళ్లూ పెద్దలకు పిండమే పెట్టాం, సర్కారు ఏకంగా మంద పంపింది.

చూసిన ఏడు జిల్లాల్లోనే నష్టం 253.93 కోట్లని కాగ్ లెక్క. 33 జిల్లాలకూ అదే కొలత పెడితే వెయ్యి కోట్లు దాటుతుందని 2025లో ఈడీ అంది. ఏసీబీ కేసులు, అరెస్టులు సరేసరి. అన్నట్టు, 2019 పశుగణనలో తెలంగాణ 1.90 కోట్ల గొర్రెలతో దేశంలోనే మొదటి స్థానం. లెక్కలో మంద బలిసిందని ఒప్పుకోవాల్సిందే.

రెండో విడతకు యూనిట్ 1.75 లక్షలైంది, కాపరి వాటా 43,750కి పెరిగింది. అప్పో సప్పో చేసి డీడీలు కట్టి, గొర్రెల కోసం నెలల తరబడి కూర్చున్నవాళ్లున్నారు. గొర్రెను మేపడం పుట్టుకతో వచ్చిన విద్య కదా, సర్కారును కూడా కొన్నాళ్లు మేపారు.

అంబులెన్సుల ముచ్చట విన్న ఓ పెద్దాయన నవ్వలేదు. తలకు చుట్టిన తువ్వాల సర్దుకుని అడిగాడు: "సారూ, గొర్రెల్ని తెచ్చిన ఆ బండి నంబరు యాడన్న దొరుకుతదా? మా ఊళ్లె మనిషికి పానం మీదికొస్తే ఎన్ని ఫోన్లు జేసినా ఒక్కటి వస్తలేదు."