ఫైలు లెక్క: ఒక ఆటవెలది, టీకా తాత్పర్య సహితం

తెరచువారి లెక్క తెలియక మూయకు
తాళమున్న చోట దాటవలదు
సున్నయైన పిదప చూడకు దానిని
చివరి చేయి విడువ జీవముడుగు

అవతారిక: లినక్స్ కెర్నెల్‌లో ఫైలును తెరిచినప్పుడల్లా మెమరీలో ఒక ఫైల్ ఆబ్జెక్టు పుడుతుంది. దాన్ని ఎంతమంది పట్టుకున్నారో చెప్పే సంఖ్య దానిలోనే ఉంటుంది; 2025 దాకా దాని పేరు ఎఫ్-కౌంట్. ఈ లెక్క యునిక్స్ వారసత్వం. జాన్ లయన్స్ 1977లో వ్యాఖ్యానం రాసిన యునిక్స్ ఆరో ఎడిషన్‌లోనూ ఇదే పేరుతో ఉంది. ఆ లెక్క పరిరక్షణే ఈ పద్యానికి విషయం.

ప్రతిపదార్థం: తెరచువారి లెక్క = ఆబ్జెక్టును పట్టుకున్నవారి సంఖ్యను; తెలియక = చూసుకోకుండా; మూయకు = రద్దు చేయకు; తాళము ఉన్న చోట = మ్యూటెక్సో స్పిన్‌లాకో ఉన్న తావున; దాటవలదు = వంతు రాకముందే చొరబడరాదు; సున్న ఐన పిదప = లెక్క సున్నకు దిగాక; దానిని చూడకు = ఆ ఆబ్జెక్టు జోలికి పోకు; చివరి చేయి = ఆఖరి రెఫరెన్సు; విడువన్ = వదలగా; జీవము ఉడుగు = ఆబ్జెక్టు నశించును.

తాత్పర్యం: ఫోర్క్ చేస్తే పిల్ల ప్రాసెసుకు సంక్రమించేది తండ్రి ఆబ్జెక్టే, డూప్ చేసినా అంతే. కొత్తది పుట్టదు, లెక్క ఒకటి పెరుగుతుంది. క్లోజ్ అనగానే ఫైలు మూతపడుతుందనుకోవడం భ్రమ. లెక్కలో ఒకటి తగ్గుతుంది, అంతే. సున్న అయితేనే అసలు మూత.

విశేషాంశాలు: తండ్రీ పిల్లా ఒకే ఫైలులో రాస్తున్నప్పుడు, ఎక్కడిదాకా రాశారో చెప్పే స్థానం కూడా ఉమ్మడిదే. ఒకరి రాతపై మరొకరి రాత పడకుండా 2014లో 3.14 వెర్షన్‌లో ఆ స్థానానికి తాళం పెట్టారు. సాధారణ ఫైలును పట్టుకున్నది ఒక్కరే అని లెక్క చెబితే కెర్నెల్ ఆ తాళం ముట్టదు. రెండో పాదం మొదటి పాదానికి లోబడి ఉందనడానికి ఇదే ప్రమాణం.

పూర్వపక్షం: లెక్క పెంచడానికీ తాళం కావాలి కదా? ప్రాసెసు తెరిచిన ఫైళ్ల పట్టికలో ఆబ్జెక్టును చూసి, లెక్క పెంచేలోగా మరో థ్రెడ్ దాన్ని మూసేయవచ్చు.

సిద్ధాంతం: అక్కరలేదు. సున్న అయినదానిపై పట్టు దొరకని రీతిలో లెక్క పెంచే పనిని ప్రాసెసర్ అవిభాజ్యంగా చేస్తుంది. పెంచాక పట్టికలో అదే ఆబ్జెక్టు ఉందో లేదో కెర్నెల్ మళ్లీ చూస్తుంది. మారితే తీసుకున్నది వదిలేసి మొదటికి వస్తుంది. మూడో పాదంలోని “చూడకు” సార్థకం.

దోషవిచారం: నాలుగో పాదానికి అవ్యాప్తి దోషం ఉంది. రెండు యునిక్స్ సాకెట్లు ఒకదాని డిస్క్రిప్టర్‌ను మరొకదానిలోకి పంపుకుంటే, బయటివారంతా వదిలేసినా లెక్క సున్నకు రాదు. ఆ ముడి విప్పడానికి కెర్నెల్‌లో వేరే చెత్త సేకర్త ఉంది.

ఫలశ్రుతి: పెద్ద లాగ్ ఫైలును ఆర్‌ఎమ్‌తో చెరిపినా డిస్కు ఖాళీ కాలేదని వగచేవారు ఎల్‌ఎస్‌ఓఎఫ్ జాబితాలో “డిలీటెడ్” అని ఉన్న వరుస చూడాలి. దాన్ని పట్టుకున్న ప్రాసెసును ఆపితే స్థలం తిరిగి వస్తుంది.