రెండు చుక్కలు చాలు

నేను రిఫ్రాక్టోమీటర్‌ని. జానెడు పొడవుండే లోహపు గొట్టాన్ని. ఒక కొసన కంటికి ఆనించుకునే కటకం, రెండో కొసన ఏటవాలు పట్టకం, దాని మీద తెరిచి మూసే రేకు. బ్యాటరీ అక్కర్లేదు. పట్టకం మీద రెండు చుక్కల మూత్రం వేసి, రేకు మూసి, వెలుతురుకేసి పట్టుకుంటే లోపల పైన నీలం, కింద తెలుపు కనిపిస్తాయి. రెండూ కలిసే గీత ఏ అంకె మీద నిలిచిందో అదే నేను చెప్పగలిగిన మాట.

నీళ్లలో కరిగినవి ఎక్కువైన కొద్దీ వెలుగు ఎక్కువగా వంగుతుంది. ఆ వంపును కొలిచే పరికరాల గురించి జర్మనీలోని యేనా పట్టణంలో ఎర్న్‌స్ట్ అబ్బె 1874లో పుస్తకం అచ్చువేశాడు. మా వంశం అక్కడిది. చెరకు రసంలో తీపి ఎంతో చూసేవి మా దాయాదులే. నా వాటాకు మూత్రం వచ్చింది. దాన్ని నేనెన్నడూ చిన్నతనంగా అనుకోలేదు. సూదితో పొడవకుండా ఒంట్లో నీటి సంగతి చెప్పేది అదే మరి.

నన్ను కొన్నది హన్మకొండలో ఉండే ఒక డాక్టరమ్మ, ఫిజియాలజీ పీజీ విద్యార్థిని. ఆమె థీసిస్ జబ్బు లేని పెద్దవాళ్ల గురించి. ఆసుపత్రి గడప తొక్కే అవసరం రానివాళ్లు ఎండాకాలంలో ఎంత నీటి లోటుతో నిద్ర లేస్తున్నారో ఆమె తెలుసుకోవాలనుకుంది. అందుకు పోలీసు ఉద్యోగాల ఈవెంట్స్ కోసం సాధన చేసే యువతీ యువకుల్ని ఎంచుకుంది. అబ్బాయిలు 1600 మీటర్లు, అమ్మాయిలు 800 మీటర్లు ఉరకాలి. ఏప్రిల్ వచ్చిందంటే తెల్లవారుజామున కూడా వాళ్లు ఉరికే మైదానంలో చెమట ఆగదు.

రోజూ మొదట నా మీద డిస్టిల్డ్ వాటర్ చుక్క పడుతుంది. గీత 1.000 మీద నిలవకపోతే డాక్టరమ్మ చిన్న మరను తిప్పి సరిచేస్తుంది. నేను చూపే అంకెనే స్పెసిఫిక్ గ్రావిటీ అంటారు: నీళ్లతో పోలిస్తే మూత్రం ఎంత బరువో చెప్పే లెక్క. బాగా నీళ్లు తాగినవాళ్లది 1.005 దగ్గర ఉంటుంది, ఎండిపోయినవాళ్లది 1.030 దాకా పోతుంది. 2007లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ ప్రకటించిన మార్గదర్శకాల్లో 1.020 లోపుంటే ఒంట్లో నీరు సరిపడా ఉన్నట్టే. ఆ గీత వెనక చావులున్నాయి. 1997 నవంబరు, డిసెంబరు నెలల్లో అమెరికాలో ముగ్గురు కళాశాల మల్లయోధులు బరువు తగ్గడానికి నీళ్లు మానేసి, గాలి చొరని సూట్లు తొడుక్కుని, వేడిలో కసరత్తు చేసి ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ తర్వాత అక్కడి కళాశాల కుస్తీలో, ఏ ఆటగాడు ఎంత బరువుకు దిగవచ్చో తేల్చేముందు మూత్రం చూడాలని నియమం పెట్టారు. 1.020 దాటితే ఆ రోజు తూకం లేదు.

అంకె పెద్దదిగా వస్తే పిల్లలు ముందు కిడ్నీ గురించే భయపడతారు. "నా కిడ్నీలు కరాబైనయా మేడమ్?" అని ఒకతను అడిగాడు. అతనిది 1.028. డాక్టరమ్మ అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది. రక్తం గాఢత ఒకటి రెండు శాతం పెరిగితే చాలు, మెదడులోని హైపోథాలమస్ కనిపెడుతుంది. పీయూష గ్రంథి నుంచి వాసోప్రెసిన్ అనే హార్మోన్ రక్తంలోకి దిగుతుంది. అది కిడ్నీ చివరి గొట్టాల గోడల్లో నీటి దారులు తెరుస్తుంది, బయటికి పోబోయే నీరు ఒంట్లోకి తిరిగొస్తుంది. ఆ దారులే ఆక్వాపోరిన్లు. వాటిని కనిపెట్టినందుకే పీటర్ ఆగ్రేకి 2003లో నోబెల్ వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న కిడ్నీ మూత్రాన్ని రక్తం కంటే దాదాపు నాలుగు రెట్లు చిక్కగా చేయగలదు. "నీ కిడ్నీ పొదుపు చేస్తున్నది తమ్ముడూ. దానికి నీళ్లియ్యి" అంది. ఆ మాట నాకు చాలా నచ్చింది. నా అంకెను చూసి అదిరిపోయేవాళ్లందరికీ ఎవరో ఒకరు ఇలా కూర్చుని చెప్పాలి.

వాళ్లను ఉరికించే కోచ్ సార్‌కి నా మీద గురి కుదిరింది, కాస్త ఎక్కువగానే. 1.020 లోపు తెచ్చినవాళ్లే ఆ రోజు ఉరకాలన్నాడు. మర్నాడు అబ్బాయిలు మైదానం గేటు దగ్గరే లీటరు సీసాలు ఎత్తి గటగటా తాగేసి, కాసేపాగి శాంపిల్ ఇచ్చారు. అందరివీ 1.003, 1.004. నేను చూపింది నిజమే, కానీ ఆ నిజం వాళ్ల లోటు గురించి ఏమీ చెప్పదు. ఒక్కసారిగా నీళ్లు పడితే రక్తం కాసేపు పలచబడుతుంది, వాసోప్రెసిన్ తగ్గుతుంది, లోటు తీరకముందే నీరు బయటికి పోతుంది. మూత్రం ఎప్పుడూ ఒంటి వెనక నడుస్తుంది. అప్పటికప్పుడు ఏం జరుగుతోందో దాన్నడిగితే తెలియదు.

డాక్టరమ్మ పద్ధతి మార్చింది. నిద్ర లేవగానే వచ్చే మొదటి మూత్రమే కావాలని, శుభ్రమైన డబ్బాలో పట్టి మూత బిగించి తెమ్మని చెప్పింది. రాత్రంతా ఏమీ తినకుండా తాగకుండా ఉన్న వేళ కాబట్టి ఒక రోజుతో ఇంకో రోజును పోల్చవచ్చు. "దీన్ని పరీక్ష మార్కులు చెయ్యకండి సార్" అని కోచ్‌కి కూడా చెప్పింది. అంకె కోసం అతిగా తాగినా ముప్పే. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది పరుగుగాళ్ల రక్తం చూస్తే, వాళ్లలో 13 శాతం మందికి సోడియం ఉండాల్సిన దానికంటే తక్కువగా ఉంది. అతిగా తాగడం అందుకు ముఖ్య కారణం. నా గీత 1.001కి దిగితే సంబరపడాల్సిందేమీ లేదు.

ఒంటరిగా నన్ను నమ్మకూడదని ఆమె మొదటినుంచీ అంటూనే ఉంది. పొద్దున లేవగానే బరువు చూసుకోవాలి, దాహంగా ఉందో లేదో గమనించుకోవాలి, మూత్రం చూడాలి. బరువు రోజూ ఉండేదానికంటే ఒక శాతానికి మించి తగ్గడం, దాహం, చిక్కటి మూత్రం: ఈ మూడింటిలో రెండు కలిసి వస్తే నీటి లోటు ఉందనుకోవచ్చు. మూత్రంలో చక్కెర, ప్రొటీన్ పోతుంటే నా అంకె ఉత్తినే పెరుగుతుంది. కండ బాగా ఉన్నవాళ్లలో నీరు సరిపడా ఉన్నా అంకె కాస్త ఎక్కువ రావచ్చు. షాట్‌పుట్ వేసే ఒకతని విషయంలో ఆమె ఇదే రాసుకుంది.

నేను అందరి ఇళ్లకూ పోలేను కదా. ఇంటి దగ్గర చూసుకోవడానికి ఆమె ఎనిమిది రంగుల కార్డు పంచింది. లారెన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ బృందం 1994లో ప్రచురించిన పద్ధతి అది: ఎండుగడ్డి రంగు దగ్గర ఉంటే మంచిది, కింది రంగులకు దిగితే నీళ్లు తాగాలి. రంగు మోసం చేసే సందర్భాలున్నాయి. బి కాంప్లెక్స్ మాత్ర వేసుకుంటే మూత్రం మెరిసే పసుపులోకి మారుతుంది, బీట్‌రూట్ తింటే కొందరికి ఎర్రగా వస్తుంది. అయినా ఖర్చు లేనిది, ఎవరి చేతిలోనైనా ఉండేది. నేను దాన్ని గౌరవిస్తాను.

అసలు చెప్పాల్సింది అమ్మాయిల సంగతి. పద్ధతి మార్చాక అబ్బాయిల అంకెలు 1.015, 1.022, 1.018 అంటూ అటూ ఇటూ తిరిగాయి. అమ్మాయిలవి కదల్లేదు. 1.026, 1.029, 1.027. డాక్టరమ్మ నన్ను మళ్లీ డిస్టిల్డ్ వాటర్‌తో సరిచూసింది. తేడా నాలో లేదు.

"చెల్లే, రాత్రిపూట నీళ్లు తాగుతలేవా?" అని ఒకమ్మాయిని అడిగింది.

"తాగితే పొద్దుగాల ఈడ ఎటు పోవాలె అక్కా?"

అంతే జవాబు. మైదానంలో అబ్బాయిలకు గోడ చాటు ఉంది. చుట్టూ వాకింగ్‌కి వచ్చే జనం. ఉన్న ఒక్క టాయిలెట్‌కి తాళం. అందుకని ఆ పిల్లలు ముందురోజు సాయంత్రం నుంచే నీళ్లు తగ్గించుకుంటున్నారు. వాళ్లకు తెలియక కాదు. ఎండలో ఉరికేవాళ్లు నీళ్లు తాగాలని పోస్టర్ అంటించినా ఆ అంకె కదిలేది కాదు. అమ్మాయిలు నీళ్లు తాగరు అని తేలిగ్గా అనేసేవాళ్లంటే నాకు కోపం వస్తుంది. ఆ చిక్కటి మూత్రంలో కరిగి ఉన్నది మూసిన తలుపు.

ఆ రోజు డాక్టరమ్మ నోట్‌బుక్‌లో బరువు, దాహం, స్పెసిఫిక్ గ్రావిటీ పక్కన ఇంకో గడి గీసింది: "చేరువలో తెరిచి ఉన్న టాయిలెట్ ఉందా?" ఆ పేజీని కోచ్ సార్ ముందు పెట్టింది. ఆయన అంకెలను పైనుంచి కిందికి రెండుసార్లు చూసి, వాచ్‌మన్ దగ్గరికి నడిచాడు. తాళంచెవి ఆ వారంలోనే వచ్చింది, బకెట్టూ మగ్గూ కూడా. అమ్మాయిల అంకెలు మెల్లగా దిగాయి, 1.021, 1.019, 1.016.

ఒకమ్మాయిది మాత్రం 1.027 దగ్గరే ఉండిపోయింది. తను పల్లె నుంచి నాలుగున్నర బస్సుకు వస్తుంది. బస్సెక్కాక గంటన్నర ప్రయాణం, మధ్యలో దిగడానికి చోటు లేదు. "అయితే నువ్వు ఈడికొచ్చినంక తాగు, కొంచెం కొంచెం తాగు, ఉప్పేసిన మజ్జిగ తెచ్చుకో. ఉరుకుడు నీకు అరగంట ఆలస్యంగ పెట్టమని సార్‌కు నేను చెప్త" అంది డాక్టరమ్మ. కోచ్ సార్ ఒప్పుకున్నాడు. ఆమె నన్ను తడిగుడ్డతో తుడిచి తర్వాతి డబ్బా మూత తీసింది.