చిల్లు వెతికే ఓపిక ఏదీ?

పుట్టిలోకి నీళ్లొస్తే మా రోజుల్లో మొదట అడిగే మాట "ఎక్కణ్ణించి?" అని. ఇప్పుడు అడిగేది "తారు డబ్బా ఎక్కడ?" అని. ధర్మపురి జిల్లాలో, కావేరి ఒడ్డున, హొగేనకల్‌లో ఈ వరస చూసి చూసి నాకు విసుగెత్తింది. విసుక్కునే వయసే, కానివ్వండి.

ఇక్కడి తమిళులు పరిసల్ అనేది మన కృష్ణ మీద తిరిగే పుట్టినే. వెదురు బద్దలు అల్లి, గుండ్రంగా వంచి, అడుగున తోలు కప్పేవారు. 1520 ప్రాంతంలో విజయనగరం వచ్చిన పోర్చుగీసు వర్తకుడు డొమింగో పేస్ తుంగభద్ర మీద ఇవే చూశాడు. లోపల బద్దలు, బయట తోలు. పదిహేను, ఇరవై మంది ఎక్కేవారనీ, గుర్రాల్నీ ఎద్దుల్నీ కూడా దాటించేవారనీ రాసుకున్నాడు. అన్ని వందల ఏళ్లు నడిచిన తోలు పుట్టి మా కళ్ల ముందే పోయింది. ప్లాస్టిక్ పట్టా వచ్చింది, దాని మీద తారు వచ్చింది. మన తెలుగు జిల్లాల చెరువుల్లో అయితే ఫైబర్ పుట్లు దిగాయి.

తోలు గొప్పదని నేననను. తడిస్తే కంపు, బరువు. ఎండబెట్టకపోతే కుళ్లు. అందుకే సాయంత్రానికి పుట్టిని ఒడ్డుకి లాగి బోర్లించి తీరాలి. ఆ బోర్లించడంలోనే సగం వైద్యం ఉండేది. మిట్టమధ్యాహ్నం ఎండలో పిల్లాణ్ణి దాని కిందికి దూర్చేవాళ్లు. లోపల చీకటి. ఎక్కడ సూది మొనంత వెలుగు కనబడితే అక్కడ వేలు పెట్టి అరిచేవాడు. పైనున్నవాడు బొగ్గుతో గుర్తు పెట్టేవాడు. అలా దొరక్కపోతే పుట్టిని నాలుగు రాళ్ల మీదికెత్తి, లోపల బిందెడు నీళ్లు పోసి, కింద కూర్చుని చూడటమే. ముందు అనుమానం ఎప్పుడూ కుట్ల మీదే. తోలుకీ తోలుకీ అతుకు వేసినచోట దబ్బనం దిగిన ప్రతి కన్నమూ నీటికి దారే.

ఇప్పటి పట్టాకి ఈ తెలివి రెండింతలు కావాలి. తోలు ఒక్క పొర కాబట్టి చెమ్మ ఎక్కడుంటే చిల్లు అక్కడే. పట్టాలు పొర మీద పొర. నీరు ఒక మూల దూరి, పొరల మధ్య పాకి, ఇంకో మూల పైకి తేలుతుంది. తడి కనబడినచోట తారు పూస్తే ఏం లాభం? సముద్రంలో పాత తెరచాప పడవలున్నవాళ్లదీ ఇదే ఏడుపు. పైన బోల్టు పక్కన దిగిన వాన నీరు చెక్క వెంట జారి, ఎక్కడో పడక మీద కారుతుంది. వాళ్లకి ఒక సుళువుంది. కారిన నీటిని నాలిక మీద వేసుకుంటే ఉప్పగా ఉంటే అడుగునుంచి, చప్పగా ఉంటే పైనుంచి. కావేరి నీళ్లతో మాకా వీలు లేదు.

ఇంకో సంగతి ఈ కుర్రాళ్లకి ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు. చిల్లు పడేది ఎప్పుడూ రాయి గీసుకునే కాదు, లోపల లేచిన వెదురు పేడు గుచ్చుకుని కూడా. అరచేతిని లోపలంతా మెల్లగా రాస్తే పేడు తగులుతుంది. దాన్ని కత్తితో చెక్కి, గోనెగుడ్డ చుట్టి, ఆ తర్వాతే బయట అతుకు. పేడుని వదిలేసి అతుకు వేస్తే నలుగురు ఎక్కి కూర్చోగానే మళ్లీ అక్కడే పొడుస్తుంది. తారుకీ పద్ధతుంది: అడుగు ఒట్టిగా ఆరి ఉండాలి, ఇసుక దులపాలి, మరీ మరిగిన తారు పోస్తే పట్టా ముడుచుకుంటుంది. వీళ్లేమో తడి మీదే పూసి, దాని మీద మళ్లీ పూసి, పుట్టిని మోయలేనంత బరువు చేస్తారు. ఎండకి ఆ తారు పెచ్చులు పెచ్చులుగా లేస్తుంది.

అదే మాట ఒక కుర్రాడితో అంటే, "తాతా, సెలవుల్లో జనం వచ్చినప్పుడు పుట్టిని ఎండబెట్టి కూర్చుంటే ఆ రోజు కూలి నువ్విస్తావా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. మగ్గుతో నీళ్లు తోడేస్తూ ఇంకో బేరం ఎక్కించుకున్నాడు.

నీళ్లు ఊరడమే తప్పని కాదు నా గోల. మద్రాసు తీరంలో మసూలా పడవల పలకల్ని మేకులు లేకుండా కొబ్బరి తాడుతో కుట్టేవారు. నీళ్లు ఊరుతూనే ఉండేవి, తోడుతూనే ఉండేవారు. కానీ ఏ కుట్టు వదులయిందో వాళ్లకి తెలుసు. మాకూ తెలిసేది. ఇప్పుడు అడిగితే "ఏం పుట్టి మునిగిందని?" అంటారు. పుట్టి మునిగాక అడగడానికి ఎవరుంటారు!

ఒకటి ఒప్పుకుంటాను. లైఫ్ జాకెట్ అన్నది మా కాలంలో లేదు, ఉండాల్సింది. హొగేనకల్ వస్తే దాన్ని ఒళ్లో పెట్టుకోకండి, తొడుక్కుని తాళ్లు బిగించుకోండి. ఎక్కేముందు అడుగువైపు ఒకసారి చూడండి. నీళ్లు నిలిచి ఉంటే ఎక్కణ్ణించని అడగండి. ఫోటో కోసం గిరగిరా తిప్పమని పుట్టివాడి ప్రాణం తీయకండి. పైన కబిని, కృష్ణరాజసాగర్ గేట్లెత్తి ఇక్కడ పుట్లు ఆపేస్తే, ఒడ్డున బేరమాడకుండా చేపల పులుసు తిని బస్సెక్కండి.