గెల ఎయ్యని అరటి: సవ్యాఖ్యానం

మూలం:
"గెల ఎయ్యని అరటికి గిన్ని నీళ్లా?"

అవతారిక: ఇది మా అత్తమ్మ వాక్కు. వేల్పూర్‌లో, మే నెల పొద్దున, మా వాకిట్లో వెలువడింది. పసుపు ఉడకబెట్టి ఆరబెట్టడం ఎప్పుడో అయిపోయింది, కొమ్మూ గోళా వేరై మార్కెట్టుకు పోయాయి, బోరు దగ్గి దగ్గి పోస్తోంది. ఇల్లరికం అల్లుణ్ని నేను. సగానికి కోసిన నీలం డ్రమ్ములో ఉన్న నర్సరీ అరటికి రెండో బకెట్ ఎత్తుతుండగా వాక్కు వినబడింది.

ప్రతిపదార్థం:

గెల = పండ్ల గుత్తి. ఇక్కడ చిక్కుంది. అస్సాం, అరుణాచల్ అడవుల నుంచి వచ్చిన ఈ జాతికి (మూసా వెల్యూటినా) పూత కిందికి వేలాడదు, నిటారుగా నిలుస్తుంది. వేలెడేసి కాయలు, గులాబీ రంగు, పైన నూగు. పండితే తొక్క తనంతట తానే విచ్చుకుంటుంది. లోపల నోటికి తగిలేది గింజలే. కనుక గెల లేదని కాదు, 'తినదగిన' అని అధ్యాహారం చేసుకోవాలి.

ఎయ్యని = వేయని. వ్యతిరేక క్రియాజన్య విశేషణం. అత్తమ్మ పుట్టిల్లు బోధన్ దిక్కు, చెరకు ఊరు. చెరకు ఏడాదంతా నీళ్లు తాగినా చివరికి తూకానికి ఎక్కేది. 2015 డిసెంబరులో శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడింది. అప్పటి నుంచి, తాగి ఊరుకునే పైరు ఏది కనబడినా ఆమెకు ఈ విశేషణమే నోట వస్తుంది.

అరటికి = కదళికి. అమరకోశంలో దీనికి రంభ అనే పేరూ ఉంది, షోకు అరటికి అది మరీ నప్పుతుంది. చెట్టు అంటాం గానీ చెట్టు కాదు. బోదెగా కనిపించేది ఒకదాన్నొకటి చుట్టుకున్న మట్టలు, అసలు కాండం మట్టిలోని దుంప. అల్లం, పసుపు, అరటి ఒకే వంశమని వృక్షశాస్త్రం. ఈ చుట్టరికం చెప్పి అత్తమ్మను మెత్తబరచబోతే, "అయితే తవ్వి ఉడకబెట్టు" అన్నది.

గిన్ని = ఇన్ని. మా పక్కింట్లో అద్దెకున్న కోస్తా మాస్టారు దీన్ని 'గిన్నె' అని విని, "గిన్నెడేగా, పోయనివ్వండి" అన్నారు. అది అపార్థం. ఇక ప్రమాణం: 1736లో హాలండులో, క్లిఫర్డ్ అనే ధనికుడి తోటలో, వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ అరటిని పూయించాడు. కొన్ని వారాలు ఎండగట్టి, ఆపైన వానాకాలం వచ్చినట్టు దండిగా నీళ్లు పోయించడం ఆయన కిటుకు. నేను రెండో సగమే పట్టించుకున్నాను. పోయిన చలికాలంలో రోజుకో బకెట్ పోస్తూ పోయాను, డ్రమ్ముకు అడుగున చిల్లి లేదు. మొదలు మెత్తబడింది. వేలితో నొక్కితే తడిసిన రొట్టెలా దిగబడింది, వేలికి పుల్లటి కంపు అంటుకుంది. అత్తమ్మ ఏమీ అనలేదు. కొడవలితో కుళ్లిన మట్టలు ఒలిచి, పక్కనున్న ఒక్క పిలకను వేరు చేసి, ఇనుప చువ్వ పొయ్యిలో ఎర్రగా కాల్చి డ్రమ్ముకు మూడు చిల్లులు పెట్టింది. ఇప్పుడున్నది ఆ పిలకే.

నీళ్లా = నీళ్లు + ఆ, ఉకార సంధి. ఈ 'ఆ' ప్రశ్నకు కాదు, కాకువుకు. దీనికి జవాబు చెప్పరాదు. నేను చెప్పాను.

తాత్పర్యం: వేలు రెండు కణుపులు మట్టిలో దించి, పొడి తగిలితేనే పోయాలి. ఎండాకాలం అది రోజూ తగులుతుంది, అంత ఆకు ఊరికే నిలబడదు. మొదలు చుట్టూ చెరకు ఆకు కప్పితే తడి నిలుస్తుంది. మధ్యాహ్నపు ఎండ, వడగాలి తగలకుండా గోడ చాటున పెట్టాలి. ఆకు చీలికలైతే తెగులు కాదు, గాలికి ఈనెల వెంట చీలడం దాని నైజం.

పాఠాంతరం: 'అరటికి' అన్నచోట 'అల్లునికి' అని వంటింటి ప్రతిలో ఉన్నట్టు మా ఆవిడ చెబుతోంది. తాను చెవులారా విన్నానంటుంది. పొయ్యి మీద పోపు చిటపటలాడుతుండగా విన్న పాఠం గనుక అది శ్రోతృదోషమే, గ్రాహ్యం కాదు. కాకపోతే ఆ మర్నాటి నుంచి స్నానాల గదిలో పెద్ద బకెట్ కనిపించడం లేదు.